ఆ అమరోనే సీసా తీసే ముందు

అల్లుడూ,

మీ ఆఫీసు పెద్దాయన ఇచ్చిన సీసా ఫోటో చూశాను. 2011 పంట అమరోనే, ఇటలీ ఎర్ర వైన్. సొంతమనిషి అనుకుంటే తప్ప అలాంటిది ఎవరూ చేతిలో పెట్టరు. "శనివారం ఆరుగురం కలుస్తున్నాం మావయ్యా, మటన్ బిర్యానీతో తీసేయనా?" అని అడిగావు. వద్దు నాన్నా. బిర్యానీ ఇంకో ఆదివారం చేసుకోండి. ఈ సీసాకి తగ్గ వంట వేరే ఉంది. ఆ వైన్ పుట్టిన వెరోనా ఊళ్లో ఇరవై రెండేళ్లు వంటింట్లోనూ భోజనాల గదిలోనూ పనిచేసి తెలుసుకున్నది చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ దగ్గరున్నదేమిటో తెలియాలి. వెరోనాకి ఉత్తరాన వల్పోలిచెల్లా కొండవాలుల్లో పండే కొర్వీనా, కొర్వినోనే, రొందినెల్లా ద్రాక్షలు కలిపి చేసే వైన్ అది. అందులో పెద్ద వాటా కొర్వీనాది, ఆ చెర్రీ పండు వాసన దానిదే. సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో గుత్తులు కోసి, గాలాడే అటకల మీద వెదురు తడికల్లోనో పెట్టెల్లోనో ఒక్క వరసగా పరుస్తారు. మూడు నాలుగు నెలల్లో బరువు మూడో వంతు దాకా తగ్గిపోతుంది. అప్పుడు నలిపి పులియబెడతారు. అంటే నీ సీసాలో పళ్లు నలిగింది 2012 జనవరి ప్రాంతంలో. మొదటిసారి ఆ అటక ఎక్కినప్పుడు మా అమ్మ డాబా మీద చాపలపై ఆరబెట్టే మామిడి తాండ్ర గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను. మనం ఎండలో పెడతాం, వాళ్లు నీడలో పెడతారు, అంతే తేడా.

పండు ఎండితే తీపి చిక్కబడుతుంది. ఆ తీపిని మధ్యలో ఆపి మిగిలిస్తే రెచోతో అనే తియ్యటి వైన్, అదే పాత పద్ధతి. దాదాపు చివరిదాకా పులియనిస్తే అమరోనే. అమారో అంటే వాళ్ల భాషలో చేదు. మద్యం పదిహేను, పదహారు శాతం ఉండటం మామూలే, నీ లేబుల్ మీద ఎంతుందో చూసుకో. మామూలు వైన్ తాగినట్టు గ్లాసు మీద గ్లాసు పోయకు.

ఇక సీసా సంగతి. ఇప్పుడు పడుకోబెట్టి ఉంటే గురువారమే నిటారుగా నిలబెట్టు. ఇన్నేళ్లలో వగరూ రంగూ ఒకదాన్నొకటి పట్టుకుని మడ్డిలా అడుగున చేరి ఉంటాయి. అది కదిలితే వైన్ మసకబారి నోటికి ఇసకలా తగులుతుంది. మిలాన్‌లో జులై వేడికి గది ముప్పై డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో పోస్తే మద్యం ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. తీసే ముందు గంటన్నర దాకా ఫ్రిజ్‌లో పెట్టు, పద్దెనిమిది డిగ్రీలు ఉంటే బాగుంటుంది. బిరడా పాతబడి మెత్తగా ఉంటుంది, స్క్రూ నిదానంగా పూర్తిగా దించి, తిప్పకుండా నిటారుగా లాగు. విరిగినా కంగారుపడకు, టీ వడగట్టే జల్లెడ చాలు.

మొదట రెండు గుక్కలంత పోసి నువ్వు ఒక్కడివే చూడు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా దాన్ని పాడుచేసిందని, ఎంతసేపు ఉంచినా బాగవదు. ఎండు చెర్రీ, ఖర్జూరం, కోకో, పొగాకు ఆకు, కాస్త తోలు వాసన వస్తే నీ అదృష్టం. అప్పుడు గాజు కూజాలోకి సన్నగా వంచు, మెడ కింద ఫోను లైటు పెట్టుకుని చూస్తూ, మడ్డి మెడదాకా రాగానే ఆపెయ్. భోజనానికి గంట ముందు ఇదంతా చేస్తే చాలు. పాత వైన్‌ని పొద్దుటినుంచే గాలికి వదిలేస్తే సాయంత్రానికి నీరసించిపోతుంది.

ఇప్పుడు వంట. ఇక్కడే నేనొకసారి పెద్ద తప్పు చేశాను. పదిహేనేళ్ల కిందట సెలవుకి తణుకు వస్తూ 1997 పంట అమరోనే తెచ్చాను, ఏళ్ల తరబడి దాచుకున్న సీసా. మే నెల. మీ అమ్మ గోంగూర మాంసం చేసింది, చాలా బాగా కుదిరింది. పక్కన ఈ వైన్ పోశాను. గోంగూర పులుపు ముందు వైన్ చప్పగా తేలిపోయింది, కారానికి మద్యం తోడై నోరు మండింది. మీ నాన్న మొహమాటానికి బాగుందన్నాడు. కూర తప్పూ కాదు, వైన్ తప్పూ కాదు, రెంటినీ ఒక బల్ల మీద పెట్టిన నాదే తప్పు. అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నాను: ఈ ఒక్క రాత్రికి పచ్చిమిర్చీ, ఎండుమిర్చీ, చింతపండూ వంటింట్లోకి రానివ్వకు.

వెరోనా వాళ్లు దీనికి గొడ్డుమాంసం గంటలకొద్దీ ఉడికించి పెడతారు. మీలో అది తినని వాళ్లున్నారు కదా, గొర్రె జబ్బ మాంసం తీసుకో, రెండు కిలోలు. రాత్రి ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ, బిర్యానీ ఆకు, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, మిరియాలు వేసి ఆ కొండల్లోనే చేసే మామూలు చవక వల్పోలిచెల్లా వైన్ ఒక సీసా పోసి నానబెట్టు. పొద్దున ముక్కలు తుడిచి వెన్నలో ఎర్రగా వేయించి, ఆ వైనే పోసి మూత పెట్టి సన్నసెగ మీద మూడు గంటలు. కుక్కర్ వద్దు. ముక్క చెంచాతో విడిపోవాలి. అప్పుడు ముక్కలు తీసి కూరగాయల్ని గుజ్జు చేసి చిక్కబరుచు, ఉప్పు అప్పుడే చూసుకో. అమరోనే వగరు నేరేడు పండు తిన్నట్టు నాలుకని పట్టేస్తుంది, కొవ్వూ మాంసమూ ఉంటే ఆ పట్టు సడలి పండు రుచి పైకొస్తుంది. పక్కన అన్నం కంటే పోలెంటా మేలు. మొక్కజొన్న పిండితో మన సంకటి కలిపినట్టే, ముప్పావుగంట గెలకాలి.

మాంసం ముట్టని అమ్మాయి ఉందన్నావు. ఆమెకి ఎండు పోర్చినీ పుట్టగొడుగులతో వియలోనె నానో బియ్యం రిసోత్తో, అంటే ఇటలీ వాళ్ల జారుడు ముద్ద అన్నం, చెయ్, వెరోనా దక్షిణాన పండే బియ్యం అది, ఉడికే నీటిని బాగా పీలుస్తుంది. చివర్లో బాగా ముదిరిన మోంటే వెరోనేజె చీజ్ తురుము. ఆ చీజ్ అరకిలో కొని భోజనం అయ్యాక ముక్కలుగా విరిచి అందరికీ పెట్టు. నిజం చెప్పనా, నాకు అమరోనే మాంసంతో కంటే ఆ చీజ్‌తోనే ఎక్కువ ఇష్టం. గులాబ్ జామ్ లాంటివి మాత్రం వైన్ అయిపోయాకే, తీపి పక్కన ఇది మరీ చేదెక్కుతుంది.

పెద్ద గ్లాసుల్లో మూడో వంతుకి మించకుండా పొయ్యి. ఆరుగురికీ సరిపోతుంది. తాగని వాళ్లని బలవంతపెట్టకు. కొత్త లైసెన్సు వాళ్లకి మొదటి మూడేళ్లు ఇటలీ చట్టంలో ఒక్క చుక్కకీ మాఫీ లేదు, అందరూ ట్రాముల్లోనే రండి.

అడుగున మిగిలిన మడ్డి వైన్ పారబోయకు, వడగట్టి మర్నాడు గ్రేవీలో కలుపు. ఖాళీ సీసా కూడా దాచిపెట్టు. అక్టోబరులో మిలాన్ వస్తున్నాను, ఆ లేబుల్ ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలని ఉంది.

నీ మావయ్య