రాత్రికి రాత్రి మారిపోయిన తోక

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఇద్దరం కలిసి రేడియో కంట్రోల్ విమానం కిట్ కడుతున్నాం. రెక్కలు బాగానే వచ్చాయి. తోకలో ఎలివేటర్ (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే కదిలే పలక) హింజ్‌లు, అంటే దాన్ని తోకకు కలిపే మడత బందులు, వాడొక్కడే అతికించాడు. ఎలివేటర్ బిగుసుకుపోయినట్టు అనిపించి, వాడు పడుకున్నాక ఆ హింజ్‌లు కోసేసి కొత్తవి పెట్టాను. సర్వో (ఎలివేటర్‌ను కదిపే చిన్న మోటారు), పుష్‌రాడ్ (ఆ రెండింటినీ కలిపే కడ్డీ) కూడా నేనే బిగించేశాను. ఇప్పుడు రిమోట్ మీది స్టిక్ నా వైపు లాగితే ఎలివేటర్ చక్కగా కిందికి దిగుతోంది. రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) ఒక్కటే మిగిలింది. పొద్దున అది చూసి వాడు "ఇక నువ్వే కట్టుకో నాన్నా" అన్నాడు. మూడు వారాలుగా ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఎలివేటర్ గాల్లో ఊడితే విమానం ఎవరి మీద పడుతుందోనన్న భయంతోనే చేశాను. నా తప్పేముంది?

జవాబు: మీ భయం అర్థమైంది. ఎలివేటర్ ఊడిన విమానం ఇక ఎవరి మాటా వినదు, కాబట్టి జాగ్రత్తపడినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఆ పనికి మీరు ఎంచుకున్న వేళ చూడండి. పగలు వాడి ఎదుటే "ఇది బిగుసుగా ఉందిరా" అని ఉంటే వాదించేవాడు, అలిగేవాడు, బహుశా సాయంత్రానికి మళ్లీ వచ్చి కూర్చునేవాడు. వాడు నిద్రపోయాక కోసేశారు. నాన్నకు నా చేతి మీద నమ్మకం లేదు, ఆ మాట నాతో అనాలని కూడా అనిపించలేదు అని వాడు అనుకుని ఉంటాడు. వాడి స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని.

నేనూ కొన్నేళ్లుగా ఇలాంటి విమానాలు కడుతున్నాను గనుక ఇంకో సంగతి చెబుతాను. పల్చటి సీఏ జిగురుతో (సూపర్ గ్లూ లాంటిది) అతికించిన హింజ్ మొదట్లో బిగుసుగా ఉండటం మామూలే. జిగురు పూర్తిగా ఆరాక ఎలివేటర్‌ను చేత్తో పైకీ కిందికీ పది పదిహేను సార్లు ఆడిస్తే చాలావరకు సడలుతుంది. గట్టిగా అతికిందో లేదో తెలియాలంటే ఒక్కో హింజ్ దగ్గర పట్టుకుని లాగి చూడాలి. మీరు లాగి చూశారా? ఉత్తరంలో ఆ మాట లేదు. వాడి పని బాగానే ఉండి ఉండొచ్చు.

ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ కిందికి దిగుతోందని రాశారు. అది తిరగబడింది. స్టిక్ మనవైపు లాగినప్పుడు ఎలివేటర్ వెనక అంచు పైకి లేవాలి. అప్పుడే గాలి తోకను కిందికి నొక్కుతుంది, ముక్కు పైకి లేస్తుంది. మీరు బిగించినట్టే ఎగరేస్తే, ముక్కు ఎత్తుదామని లాగిన ప్రతిసారీ విమానం నేలవైపు వంగుతుంది. కంగారులో ఇంకాస్త లాగితే ఇంకాస్త వేగంగా.

సరిచేయడం చిన్న పనే. ట్రాన్స్‌మిటర్‌లో, అంటే చేతిలోని రిమోట్‌లో, ఎలివేటర్ సర్వోను రివర్స్ చేస్తే సరిపోతుంది. కానీ దయచేసి ఈ రాత్రి ఆ పని చేయకండి.

ముందు వాడితో మాట్లాడండి. "నీకు చెప్పకుండా నువ్వు చేసింది కోసేశాను. తప్పు చేశాను" అని ఊరుకోండి. 'నీ మంచికే', 'జాగ్రత్త కోసమే' లాంటివి వెంట తగిలించకండి. అవి వచ్చాయంటే మీరు మళ్లీ వాదనకు దిగినట్టే. వాడు ఏమీ అనకపోయినా పర్వాలేదు. ఆ తర్వాత ఎప్పుడైనా, అదే రోజు కానక్కర్లేదు, నేను బిగించింది తిరగబడిందట, సలహా అడిగితే చెప్పారు, చూసిపెడతావా అని అడగండి. తెలియనట్టు నటించి వాడి చేత కనిపెట్టించాలని మాత్రం చూడకండి. ఆ వయసు పిల్లలు నటనను ఇట్టే పసిగడతారు.

వస్తే, ట్రాన్స్‌మిటర్ వాడి చేతికివ్వండి. మోటారు బ్యాటరీతో తిరిగేదైతే ముందు ప్రొపెల్లర్ తీసి పక్కన పెట్టండి. మీరు విమానం వెనక నిలబడి, తోకలో ఏది ఎటు కదిలిందో పైకి చెప్పండి. మెనూలో రివర్స్ చేసేది వాడే కావాలి. మీరు పెట్టిన హింజ్‌లను కూడా వాడి చేతే లాగించి చూడండి. ఊడితే ఊడనివ్వండి, గాల్లో ఊడటం కన్నా బల్ల మీద ఊడటమే మేలు.

ఇద్దరు లేకుండా కుదరని పని కూడా ఒకటుంది. తోక రెక్క వంకర లేకుండా కూర్చుందో లేదో చూడటం. ఒకరు దారం కొసను పెద్ద రెక్క చివర పట్టుకుంటే, ఇంకొకరు దాన్ని అదే వైపున్న తోక రెక్క చివరి దాకా బిగువుగా లాగి, అక్కడ దారానికి గుర్తు పెట్టాలి. రెండో వైపు కొలిచినా ఆ గుర్తు సరిగ్గా అక్కడికే రావాలి. నాలుగు చేతులుంటే నిమిషం పని. ఒంటరిగా చేస్తే దారం జారుతూనే ఉంటుంది, మీరు ఆ రాత్రి కొలిచి ఉంటే మీకే తెలిసి ఉంటుంది.

రాకపోతే? విమానాన్ని అక్కడే ఉంచండి. అటక మీద పెట్టొద్దు, వాడి గదిలోకీ తీసుకెళ్లొద్దు. వారానికోసారి మాత్రం, ఒత్తిడి లేకుండా, "ఇవాళ కాసేపు కూర్చుందామా" అని అడగండి, కాదంటే సరేనని వచ్చేయండి. రడ్డర్ హింజ్‌లు ముట్టుకోకండి, వాటిని వాడికే వదిలేయండి. జిగురు సీసా మూత బిగించి పెట్టండి, గాలిలో తేమ తగిలితే గడ్డకడుతుంది. వాడు వచ్చిన రోజున పనికి రావాలి కదా.