ట్రెబిన్యెలో ఒక గ్లాసు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ గురించి రాస్తూ చివర్లో "పక్కనే 30 కిలోమీటర్లలో ట్రెబిన్యె అని ఊరుంది, బోస్నియా దేశం, వైన్ బావుంటుంది, కుదిరితే చూడండి" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నానండి. ఆ రెండు ముక్కలకే మండపేట నుంచి మల్కిపురం దాకా ఉత్తరాలొచ్చాయి, వాట్సాప్‌లో అయితే చెప్పక్కర్లేదు. దుబ్రోవ్నిక్ కోట గురించి మూడు పేజీలు రాస్తే ఒక్కరూ అడగలేదు చూడండి. సరే, అన్నిటికీ రాయలేను గానీ కొన్నిటికి రాస్తున్నా.

పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు: మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉంటాడు, సెప్టెంబర్‌లో మమ్మల్ని దుబ్రోవ్నిక్ తీసుకెళ్తానంటున్నాడు. ట్రెబిన్యె కూడా వెళ్దామంటే మావారు "వైన్ గోవాలో తాగాను, దగ్గు మందులా ఉంది, దానికోసం ఇంకో దేశం వెళ్ళాలా" అంటున్నారు. వెళ్ళొచ్చా? వెళ్తే ఏం అడగాలి?

వెళ్ళండి. సెప్టెంబర్ అంటే అక్కడ ద్రాక్ష కోతల టైం, ఇంకేం కావాలి. కాకపోతే ముందు వీసా సంగతి చూసుకోండి, ఎందుకంటే క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో ఉంది, బోస్నియా లేదు, అంటే మీరు దుబ్రోవ్నిక్ నుంచి ట్రెబిన్యె వెళ్ళగానే షెంగెన్ దాటి బయటికొచ్చినట్టు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ లోపలికి ఎంట్రీ కొట్టాలి. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే గేటు దగ్గరే ఆగిపోతారు. మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. బోస్నియా వాళ్ళ రూల్ కూడా బయల్దేరే ముందు వాళ్ళ ఎంబసీ సైట్‌లో ఒకసారి చూడమనండి అబ్బాయిని. డబ్బులంటారా, అక్కడ మార్క్ అంటారు, ఒక యూరోకి 1.95583 మార్కులు, ఎప్పుడూ అంతే, మారదు, సుమారుగా రెండు అనుకుని లెక్కేసుకోండి.

ఇక మీవారి దగ్గు మందు విషయం. నాకూ అదే అనుభవం అండి, ఫంక్షన్లలో పోసే ఆ తియ్యటి ఎర్రనీళ్ళు తాగి వైన్ అంటే ఇదే అనుకుని పదిహేనేళ్ళు దాని జోలికి పోలేదు. ట్రెబిన్యెలో మొదటిసారి ఝిలావ్కా తాగినప్పుడు తెలిసింది. ఇది తెల్ల ద్రాక్ష, ట్రెబిన్యె ఉన్న హెర్జెగోవినా ప్రాంతం సొంత రకం, అక్కడి భాషలో ఝిలా అంటే నరం, పండు మాగాక తోలు పల్చబడి వెలుతురులో పట్టుకుంటే లోపల నరాల్లాంటి గీతలు కనపడతాయి కాబట్టి ఆ పేరు అంటారు. నేను తోటలో ఒక పండు కోసి ఎండకి పట్టి చూశాను, నిజమే, మన ముంజకాయ తోలు తీశాక లోపల నీళ్ళు కదలడం కనపడుతుందే, అలా ఉంది. వైన్‌లో తీపి అసలుండదు. చల్లగా ఇస్తారు, పులుపు కొంచెం, చివర్లో ఏదో చేదులాంటిది నాలిక మీద నిలుస్తుంది. మీవారికి మొదట అదే పోయించండి.

తర్వాత వ్రానాట్స్. ఇది ఎర్రది, పేరుకి అర్థం నల్ల గుర్రం, రంగు చూస్తే ఎందుకు పెట్టారో అడగక్కర్లేదు, గ్లాసు వంచినా అవతలి వైపు కనపడదు. నాలికంతా పట్టేసినట్టు ఒగరు, పచ్చి అరటికాయ కొరికితే ఉండేలాంటి ఒగరు. మాంసంతో కలిపి తింటే ఆ ఒగరు సర్దుకుంటుంది, వట్టిగా తాగితే మీవారు మళ్ళీ మందే అంటారు, నా పూచీ లేదు. వరస మాత్రం తెల్లది ముందు, ఎర్రది తర్వాత. రివర్స్ చేస్తే తెల్లది నీళ్ళలా అనిపిస్తుంది.

ఇంకోటి. మనవాళ్ళు వైన్‌లో సోడా కలిపితే బయట దేశాల్లో నవ్వుతారని భయపడతారు. అక్కడ జనం వాళ్ళే కలుపుకుంటారండి! తెల్ల వైన్‌లో సోడా కలిపితే గెమిష్ట్, ఎర్ర వైన్‌లో మామూలు నీళ్ళు కలిపితే బెవాందా. ఎండాకాలం మధ్యాహ్నం చౌరస్తాలో పెద్ద చినార్ జాతి చెట్ల కింద ముసలాళ్ళు కూర్చుని తాగేది అదే. మంచి సీసా కొన్నప్పుడు మాత్రం కలపకండి, ఆ ముసలాళ్ళు కూడా కలపరు.

మండపేట నుంచి ఒక రైతు: వైన్ నాకక్కర్లేదు గానీ, ఆ ప్రాంతంలో ఒక ద్రాక్ష ఒంటరిగా వేస్తే కాయదని మా బావమరిది ఎక్కడో చదివానంటున్నాడు. నిజమా, కోతలా?

నిజమేనండి. దాని పేరు బ్లాటినా, ఎర్ర వైన్ ద్రాక్ష. దీని అసలు ఇల్లు అదే ప్రాంతంలో మోస్తార్ అనే ఊరి వైపు, ట్రెబిన్యెలో వ్రానాట్స్‌దే రాజ్యం, అయినా హోటళ్ళలో బ్లాటినా దొరుకుతుంది.

మనకి తాడిలో పోతుతాడి వేరు, పెంటితాడి వేరు కదా, పోతుతాడికి ముంజలు కాయవు, గెలలే వస్తాయి. ద్రాక్ష మామూలుగా అలా కాదు, తోటల్లో వేసే రకాలు దాదాపు అన్నీ ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉండి వాటంతటవే పిందె కడతాయి. ఈ బ్లాటినా మాత్రం చూట్టానికి పువ్వు మామూలుగానే ఉంటుంది, కానీ పుప్పొడి పనిచెయ్యదు, అంటే లెక్కకి ఆడచెట్టే. అందుకని పక్కన వేరే రకం తీగలు వేస్తారు, కంబుషా అని ఒకటి, దాన్నే ఫ్రాన్స్ వైపు అలికాంత్ బుషే అంటారు, తోలే కాదు లోపల గుజ్జు కూడా ఎర్రగా ఉంటుంది, లేదా మెర్లో, లేదా త్రన్యాక్ అనే వాళ్ళ రకం. బొప్పాయి తోటలో నాలుగు పోతుచెట్లు ఉంచుకోవడం మీకు తెలిసిందే, అదే పని.

తిప్పలెక్కడంటే పూత టైంలో వాన పడితే. మన మామిడికి పూత మీద మబ్బు పడితే ఏడుస్తాం కదా, దానికి రెండింతలు. పుప్పొడి తడిసిపోయి ఎగరదు, పిందె పడదు, ఆ ఏడాది కాపు పోయినట్టే. అందుకే వాళ్ళ ఊళ్ళల్లో బ్లాటినాకి ఇంకో పేరుంది, ప్రాజ్నోబాచ్వా అని, అంటే ఖాళీ పీపా. రైతులు పెట్టిన పేరంటే ఇలా ఉండాలి, మార్కెటింగ్ వాడు చచ్చినా పెట్టడు.

అంత ఇబ్బంది పెట్టే తీగని ఎందుకు పీకెయ్యలేదని మీరు అడుగుతారని తెలుసు. నేనూ ఒక తోటాయన్ని అడిగాను. ఆయన సమాధానం చెప్పకుండా గ్లాసులో పోశాడు.

నేల గురించి కూడా చెప్పాలి మీకు. మనది గోదారమ్మ తెచ్చి పోసిన ఒండ్రు, బావి తవ్వితే చాలు నీళ్ళు, కాలవకి అడ్డం పడ్డోడు కూడా పంట పండిస్తాడు. అక్కడ ఎటు చూసినా తెల్లటి సున్నపురాయి కొండలు, వాన పడితే పైన నిలవదు, రాళ్ళ సందుల్లోంచి కిందకి పోతుంది. ఆ ఊరి నది ట్రెబిష్నిత్సా కూడా అంతే, కొంత దూరం పైన పారి పాపోవో పోల్యె అనే పొడుగాటి మైదానంలో బొరియల్లోకి దిగిపోయేది. డ్యాములు కట్టకముందు చలికాలంలో ఆ మైదానం మొత్తం చెరువైపోయి పడవలు తిరిగేవి, నీళ్ళు తీశాక పంటలు వేసుకునేవారు, లంక భూముల్లో మనవాళ్ళు వరద తీశాక వేస్తారే అలాగ. 1960ల్లో పైన గ్రంచారెవో డ్యాం వచ్చాక లెక్క మారింది, నదికి సిమెంట్ కాలవ వేశారు. నది ఒడ్డున పాత చెక్క చక్రాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, నీళ్ళు తోడి చేలకి పోసే చక్రాలు, మీరు వెళ్తే ఒక పూట అక్కడే ఉంటారు నాకు తెలుసు.

తణుకు నుంచి: అక్కడ సన్యాసులే వైన్ చేసి అమ్ముతారట. గుళ్ళో వైనేంటండీ?

గుడి కాదండి, మఠం. త్వర్దోష్ మఠం, ట్రెబిన్యెకి నాలుగైదు కిలోమీటర్లు, నది పక్కనే. వాళ్ళది ఆర్థొడాక్స్ క్రైస్తవం, వాళ్ళ పూజలోనే వైన్ ఉంది, ప్రసాదం అనుకోండి, మనం తీర్థం ఇచ్చినట్టు. అందుకని మఠాలకి ద్రాక్షతోటలు ఉండటం పాత సంగతి. 1694లో వెనిస్ వాళ్ళు ఆ మఠాన్ని పేల్చేశారు, రెండు వందల ఏళ్ళకి పైగా పాడుపడి ఉంది, 1920ల్లో మళ్ళీ కట్టారు. చర్చి లోపల నేలలో కొన్నిచోట్ల గాజు పలకలు వేశారు, వాటికింద 4వ శతాబ్దం నాటి చర్చి పునాదులు కనపడతాయి. నేల మాళిగలో పెద్ద పెద్ద ఓక్ పీపాలు, చల్లగా, పులిసిన వాసన, మన పాత ఇళ్ళల్లో ధాన్యం గాదె తలుపు తీస్తే కొట్టే వాసనలాంటిది, అది కాదు గానీ అదే జాతి.

మోకాళ్ళ పైకి నిక్కర్లు వేసుకెళ్ళకండి. టేస్టింగ్ అడిగి పోయించుకోవచ్చు, పోశారు కదా అని గుటుక్కున మింగి ఇంకోటి అనకండి, తిరుపతి లడ్డూ కౌంటర్ కాదు.

రాజోలు నుంచి ఒక పాఠకురాలు: నేను తాగను, మాంసం తినను. మా గ్రూప్ అంతా ట్రెబిన్యె అంటున్నారు. నేనేం చెయ్యాలి, బస్సులో కూర్చోవాలా?

ఎందుకు కూర్చుంటారమ్మా. ప్రిగానిట్సె అని అడగండి, మన పుణుగుల్లాగే పిండి ఉండలు నూనెలో వేయిస్తారు, తేనె పోసుకుని, పక్కన జున్నులాంటి చీజ్ పెట్టుకుని తింటారు, అక్కడి తేనె చాలా బావుంటుంది. అయివార్ అంటే కాల్చిన ఎర్ర క్యాప్సికం పచ్చడి, కారం తక్కువ, మీ దగ్గర ఒక పొట్లం గొడ్డు కారం ఉంటే సరిపోతుంది. బ్లిత్వా అంటే ఆకుకూర, బంగాళాదుంప ఉడకబెట్టి ఆలివ్ నూనె వేస్తారు. గొర్రె తోలు సంచిలో మాగబెట్టిన చీజ్ ఒకటి ఉంది, అది మీకొద్దు, అసలు చీజ్ ఏదైనా పాలు విరగ్గొట్టటానికి ఏం వాడతారో పట్టింపు ఉంటే అడిగి తినండి.

చూట్టానికి అర్స్లానాగిచ్ వంతెన ఉంది, 1574లో కట్టిన రాతి వంతెన. 1960ల్లో డ్యాం నీళ్ళు వచ్చి మునిగితే రాయి రాయి విప్పి, దిగువకి తెచ్చి మళ్ళీ పేర్చారు, 1972కి పూర్తయింది. పోలవరం ముంపు అంటే ఏంటో తెలిసిన మనకి ఆ వంతెన మీద నిలబడితే ఏదోలా ఉంటుందండి, వంతెనని తెచ్చుకున్నారు, మిగతాది అక్కడే ఉండిపోయింది. కొండ మీద హెర్జెగోవచ్కా గ్రచానిత్సా చర్చి ఉంది, కవి యోవన్ దుచిచ్ అస్థికలు అమెరికా నుంచి తెచ్చి 2000లో అక్కడ ఉంచారు. సాయంత్రం అక్కడినుంచి ఊరంతా కనపడుతుంది.

రావులపాలెం నుంచి: రోడ్డు పక్కన ప్లాస్టిక్ సీసాల్లో ఇంట్లో చేసిన వైన్ అమ్ముతారట. తాగొచ్చా? కారు నేనే నడుపుతా.

రెండో మాటకి ముందు జవాబు: నడిపేవాళ్ళు తాగకండి. మన దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, అక్కడా దాదాపు అంతే కఠినం, పైగా కొండ మలుపులు. వాసన చూసి, నోట్లో తిప్పి ఊసెయ్యడానికి గిన్నె ఇస్తారు, సిగ్గుపడక్కర్లేదు.

ఇక డొమాచె, అంటే ఇంటి వైన్. తెల్లారగట్ల గీత కార్మికుడు చెట్టు దిగుతుండగా తాగిన కల్లుకి, పదిన్నరకి పాకలో తాగిన కల్లుకి ఎంత తేడానో మీకు నేను చెప్పాలా. అమ్మేవాడు ఎవరో, తోట ఎక్కడో చూపిస్తే తాగండి. చూపించకపోతే దండం పెట్టి వచ్చెయ్యండి.

యానాం నుంచి: ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?

యానాం నుంచి ఈ ప్రశ్న రావడం బావుందండి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మీ ఊరొచ్చి ఎన్ని సీసాలు తీసుకెళ్ళొచ్చని మిమ్మల్ని అడుగుతారు కదా.

మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు. వైన్ సీసా 750 మిల్లీలీటర్లు, రెండు తెస్తే లీటరున్నర, మూడోది తెస్తే దాటిపోయింది. హ్యాండ్ బ్యాగులో పెట్టనివ్వరు, పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టాలి, ఒక లుంగీ, దాని మీద ఒక దుప్పటి.

తెచ్చాక చల్లటి చోట పెట్టండి, తొందరగా తాగెయ్యండి. నేను ఆ తప్పు చేశాను. ఒక మంచి వ్రానాట్స్ మా అమ్మాయి పెళ్ళిరోజుకి తీద్దామని అటక మీద దాచాను. మే నెల, పెంకుటిల్లు, పైన పెంకు వేడి. పెళ్ళిరోజు నాడు తీస్తే కార్క్ అప్పటికే కొంచెం పైకి తన్నుకొచ్చి ఉంది, సీసా చుట్టూ ఎర్రటి చారలు కారి ఎండిపోయాయి. అల్లుడు మర్యాదకి ఒక గుక్క తాగి "బావుంది మామయ్యా" అన్నాడు పాపం. మా ఆవిడ వాసన చూసి, ఏం మాట్లాడకుండా సీసా వంటింట్లోకి తీసుకెళ్ళి, నెలరోజుల పాటు ఉల్లిపాయ ముక్కల మీద వెనిగర్ బదులు చల్లింది.