నెలసరి గురించి ఆడపిల్లలు చాట్‌బాట్‌ను అడిగి తెలుసుకోవచ్చా?

వైద్యులు సరిచూసిన సమాధానాలనే ఇచ్చేలా రూపొందించిన చాట్‌బాట్ అయితే, ప్రాథమిక విషయాలు తెలుసుకోవడానికి నిశ్చింతగా వాడవచ్చు. జబ్బును నిర్ధారించే పని మాత్రం దానిది కాదు. అమ్మనో టీచరునో అడగడానికి సిగ్గుపడే పిల్ల, ఒకే సందేహాన్ని పదిసార్లయినా జంకు లేకుండా అడగగలగడమే దాని అసలు బలం.

బెంగళూరులో స్థిరపడిన తెలుగు ఇంటి అమ్మాయికి బడిలో పాఠం ఇంగ్లీషులోనో కన్నడంలోనో వినబడుతుంది, ఇంట్లో మాట తెలుగు. "పెద్దమనిషినైన కొత్త, నలభై రోజులైనా మళ్లీ రాలేదు, జబ్బా?" అని ఆమె తన భాషలోనే అడిగితే, తొలి రెండు మూడేళ్లలో అండం ప్రతి నెలా విడుదల కాకపోవచ్చు కాబట్టి 21 నుంచి 45 రోజుల వ్యవధి సహజమేనని, 90 రోజులు దాటినా, రక్తస్రావం 7 రోజులకు మించినా డాక్టరును కలవాలని మంచి చాట్‌బాట్ చెబుతుంది. ఆ పిల్లకు ఆ రాత్రి నిద్రపట్టడానికి ఈపాటి సమాధానం చాలు.

చాట్‌బాట్‌లన్నీ ఒకటేనని చాలామంది పొరబడతారు. ఏ విషయానికైనా అప్పటికప్పుడు వాక్యాలు అల్లి ఇచ్చే సాధారణ చాట్‌బాట్ తప్పును కూడా అంతే నమ్మకంగా చెప్పగలదు. పైగా అడిగిన ప్రశ్నలు ఫోనులోనూ, దాన్ని నడిపే సంస్థ సర్వర్లలోనూ మిగిలిపోవచ్చు కనుక పేరు, బడి వివరాలు ఇవ్వకూడదు.