ఆ షాట్ తీసినప్పుడు మీరెక్కడ నిలబడ్డారు?

అమ్మాయీ,

ఒక డాక్యుమెంటరీ డైరెక్టర్‌తో నువ్వు చేసి పంపిన ఇంటర్వ్యూ చదివాను. డైరెక్టర్ గారు చాలా బాగా మాట్లాడారు. నా ఫిర్యాదు కూడా అదే. ‘ఈ కథ చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉందనిపించింది’, ‘అందులోని మనుషులే నన్ను నడిపించారు’, ‘అసలు సినిమా ఎడిటింగ్‌లో దొరికింది’... ఈ మాటల్ని డాక్యుమెంటరీ తీసిన ఎవరి నోట పెట్టినా అతికినట్టు సరిపోతాయి. ఆయన అబద్ధం చెప్పాడనడం లేదు. ఒక ఫెస్టివల్ తర్వాత ఇంకో ఫెస్టివల్‌కి తిరుగుతూ, సినిమా అవగానే మైకు పట్టుకుని అవే ప్రశ్నలకి జవాబులు చెప్పీ చెప్పీ ఆ మాటలు ఆయనకి కంఠతా వచ్చేశాయి. పాత ప్రశ్న వేసినంతకాలం అవే వస్తాయి.

ఇంకో సంగతి. నువ్వు మాట్లాడించే మనిషికి మనుషుల్ని మాట్లాడించడమే వృత్తి. ఎదుటి మనిషి మాట మధ్యలో ఆగిపోతే ఎంతసేపు ఊరుకోవాలో, ఏ ప్రశ్న ముందు వేసి ఏది చివరికి దాచుకోవాలో ఆయనకి నీకంటే బాగా తెలుసు. ఆయన ముందు మన కిటుకులేవీ పారవు, వాటి గురించి టెన్షన్ కూడా అనవసరం. ఆయన సినిమా ఆయన ఊహించనంత దగ్గరగా చూసి వెళ్లు, అంతే.

మొదటిసారి అందరిలాగే చూడు. రెండోసారి ఆపి ఆపి చూడు. ఎక్కడో ఒక షాట్ దగ్గర నీకు ఏదో తేడాగా అనిపిస్తుంది. కెమెరా ఉండాల్సిన చోట లేదనిపిస్తుంది, లేదా అక్కడికి ఎలా చేరిందో అంతుపట్టదు. మనిషి ఏడుస్తుంటే గోడ కనిపిస్తుంది. గొడవ జరుగుతుంటే చిత్రం ఎక్కడో దూరాన ఉంటుంది, మాట మాత్రం చెవి పక్కనే వినిపిస్తుంది. అలాంటి షాట్ ఒకటి పట్టుకుని వెళ్లి, దాని అర్థమేమిటని అడగకుండా, అది తీసినప్పుడు మీరెక్కడ నిలబడ్డారని అడుగు. గదిలో ఇంకెవరున్నారు? కెమెరా ఎవరి చేతిలో ఉంది? దానికి ముందు ఏం జరిగింది? ఆపెయ్యమని ఎవరన్నారు?

ఇది మరీ చిన్న ప్రశ్నలా కనిపిస్తుందని నాకు తెలుసు. అమెరికా డాక్యుమెంటరీ డైరెక్టర్ ఫ్రెడరిక్ వైజ్‌మన్ సంగతి చూడు. ఆసుపత్రులు, బడులు, కోర్టులు, గ్రంథాలయాల్లాంటి సంస్థల లోపలికి వెళ్లి నలభైకి పైగా చిత్రాలు తీశాడు. వ్యాఖ్యానం ఉండదు, కెమెరా ముందు కూర్చోబెట్టి అడగడం ఉండదు. సినిమాకి అర్థం చెప్పమంటే ఆయన ఇష్టపడేవాడు కాదు. కానీ షూటింగ్‌లో ఆయన పట్టుకున్నది కెమెరా కాదు, మైకు. సౌండ్ తనే రికార్డు చేస్తూ, కెమెరామన్‌కి సైగలతో చెప్పేవాడు. ఆ తర్వాత ఎడిటింగూ తనే చేసుకునేవాడు. ఈ ఒక్క సంగతి తెలిశాక ఆయన సినిమాలు మళ్లీ చూస్తే, ఎవరు మాట్లాడబోతున్నారో ముందే పసిగట్టే చెవి ఒకటి ఆ గదుల్లో తిరుగుతున్నట్టు తెలుస్తుంది. ఆయన తాత్త్వికత మీద రాసిన పేజీల కంటే నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

నా అనుభవం ఒకటి చెబుతాను. పేరు వద్దు. మూతపడుతున్న ఒక ఫ్యాక్టరీ మీద ఒకాయన సినిమా తీశాడు. చివరి రోజున ఒక కార్మికుడు తన లాకర్ ఖాళీ చేస్తుంటాడు. మనకి వీపు మాత్రమే కనిపిస్తుంది. చాలాసేపు అలాగే ఉంటుంది. ఇనప తలుపు కిర్రుమంటుంది, ఠక్కున కట్. ఆ వీపులో కవిత్వం ఉందని సమీక్షకులు రాశారు. నేను వెళ్లి, మీరెక్కడ నిలబడ్డారని అడిగాను. గుమ్మంలో, అన్నాడు. గుమ్మం దాటి లోపలికి రావద్దని సెక్యూరిటీ వాళ్లు ఆపారట. అక్కడి నుంచి కనిపించేది వీపే. మరి కట్ అక్కడే ఎందుకు? కాసేపు టేబుల్ మీద గ్లాసు తిప్పుతూ ఊరుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు. ఆ కార్మికుడు వెనక్కి తిరిగి, ఇక తియ్యొద్దని చెయ్యి అడ్డం పెట్టాడట. వెంటనే కెమెరా ఆపేశాడు. కానీ అప్పటిదాకా తీసింది వాడుకున్నాడు. తర్వాత వెళ్లి అడిగితే ఆ మనిషి ‘సరేలే’ అన్నాడట. ఆ సినిమా మాత్రం చూడలేదట. తలుపు కిర్రుమన్న చప్పుడు కూడా ఆ రోజుది కాదు. ఆ గదిలో ఫ్యాన్ల హోరుకి ఏమీ వినపడలేదని, ఇంకో రోజు ఖాళీ లాకర్ తలుపు లాగి రికార్డు చేశారు.

ఒక షాట్ దగ్గర కూర్చుంటే ఎన్ని బయటపడ్డాయో చూడు. అనుమతి, అడ్డంకి, ఒక మనిషి వద్దనడం, ఆ వద్దనడం తర్వాత తెచ్చుకున్న ఒప్పుదల, సౌండ్‌లో చేసిన కల్పన. ‘మీ సినిమాలో నైతికత గురించి చెప్పండి’ అని అడిగి ఉంటే ఆయన అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడు. నేను నిద్రపోయేదాన్ని.

సౌండ్ గురించి ఎవరూ అడగరు కాబట్టి నువ్వు అడుగు. మంచి సౌండ్ రికార్డిస్టు ప్రతి గదిలోనూ అందరినీ కాసేపు కదలకుండా ఉంచి, ఆ గది నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకుంటాడు. రూమ్ టోన్ అంటారు. మాటలు కత్తిరించి అతికించినప్పుడు మధ్యలో పడే ఖాళీల్ని దానితో పూడుస్తారు. అంటే నువ్వు సినిమాలో విన్న ఒక్క గుక్క వాక్యం నిజంగా ఒక్క గుక్కలో చెప్పిందేనా అన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. చాలామంది నిజాయితీగా జవాబు చెబుతారు. ఎవరూ అడగలేదనే ఇన్నాళ్లూ చెప్పలేదు.

తర్వాత, తెర మీదికి రానిదాని గురించి. స్టీవ్ జేమ్స్ తీసిన ‘హూప్ డ్రీమ్స్’ 1994లో వచ్చింది. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు కావాలనుకునే ఇద్దరు షికాగో కుర్రాళ్ల కథ. అరగంట చిత్రం తీద్దామని మొదలుపెట్టి దాదాపు ఐదేళ్లు వాళ్ల వెంట తిరిగారు. సుమారు 250 గంటల ఫుటేజీ పోగైంది. సినిమా నిడివి మూడు గంటలలోపే. మిగతా గంటలన్నిట్లోనూ ఏముందో అడగడం కుదరదు, ఎవరూ చెప్పలేరు. కానీ ‘ఎడిటింగ్‌లో అన్నిటికంటే కష్టంగా కత్తిరించేసిన సీన్ ఏది?’ అని అడగొచ్చు. దానికి జవాబు చెప్పేటప్పుడు డైరెక్టర్ల ముఖాలు మారిపోతాయి. ఆ సీన్ బాగుందనీ, అది ఉంటే తర్వాతి సీన్ నిలబడలేదనీ చెబుతారు. లేదా, అది ఉంటే ఆ మనిషి మీద మనకున్న జాలి పోతుందని తీసేశామంటారు. ఈ రెండో జవాబు వస్తే పెన్ను కింద పెట్టకు, అక్కడే ఉండు. సినిమా ఎవరి పక్షాన ఉందో అక్కడ తెలుస్తుంది.

వీలైతే ఎడిటర్‌తోనూ మాట్లాడు. డైరెక్టర్‌కి ఆ రోజు ఎండా, ఆకలీ, ఆ మనిషితో జరిగిన గొడవా అన్నీ గుర్తుంటాయి. ఎడిటర్‌కి కనిపించేది ఫుటేజీలో ఉన్నదే, కాబట్టి జ్ఞాపకం అడ్డురాదు. నీ ఇంటర్వ్యూలో ఎడిటర్ పేరైనా లేదు.

డబ్బు గురించి అడగడానికి సిగ్గుపడకు. ‘ఇంత తక్కువలో ఎలా తీశారండీ’ అని మెచ్చుకోలుగా అడగొద్దు. ఆ ప్రశ్నకి త్యాగాల కథలే వస్తాయి. ఎవరిచ్చారు, ఏం కోరారు, ఎవరికి జీతం అందలేదు అని అడుగు. స్వతంత్ర సినిమా అన్నంత మాత్రాన డబ్బు ఆకాశం నుంచి పడదు. అది గ్రాంటు కావచ్చు, టీవీ ఛానల్ కావచ్చు, ఒక స్వచ్ఛంద సంస్థ కావచ్చు, బావగారి అప్పు కావచ్చు. ప్రతిదానికీ ఒక షరతు ఉంటుంది, బావగారిదైతే మరీను. 1922లో వచ్చిన రాబర్ట్ ఫ్లాహెర్టీ చిత్రం ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ డాక్యుమెంటరీకి ఆదిగా చెప్పుకుంటారు. దానికి పెట్టుబడి పెట్టింది రెవియాన్ ఫ్రేర్ అనే బొచ్చుచర్మాల వ్యాపార సంస్థ. మంచుప్రాంతపు వేటగాడు నానూక్ చర్మాలు తెచ్చి వ్యాపారికి అమ్మే దృశ్యం ఆ సినిమాలో ఉంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే చాలు, పాఠకుడు మిగతాది తనే ఆలోచించుకుంటాడు. అదే సినిమాలో మంచు ఇంటి లోపలి దృశ్యాలకి వెలుతురు చాలక, పెద్ద ఇల్లు కట్టించి ఒక పక్క తెరిచి తీశారు. ఆ కుటుంబం లోపల వెచ్చగా ఉన్నట్టు మనకి కనిపిస్తుంది, నిజానికి వాళ్లు ఆరుబయట చలిలో ఉన్నారు. దీన్ని మోసమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. అప్పటి కెమెరాకి వేరే దారి లేదు. కాకపోతే అప్పుడే ఎవరైనా వెళ్లి ‘కెమెరా ఎక్కడ పెట్టారు?’ అని అడిగి ఉంటే బాగుండేది.

కథాచిత్రాలు తీసే స్వతంత్రుల దగ్గరికి వెళ్లినప్పుడు పద్ధతి పెద్దగా మారదు. స్క్రిప్టులో ఉండి తెర మీదికి రాని సీన్ ఏదో అడుగు. డబ్బు చాలక వదిలేసిందా, నటించేవాళ్లు రాక మార్చిందా, లొకేషన్ దొరక్క రాత్రిని పగలు చేసిందా? ఆ ఇబ్బందిలోంచే సినిమాలో మంచి ఘట్టం పుట్టి ఉండొచ్చు. పుట్టకపోయి ఉండొచ్చు కూడా. పేదరికం ప్రతిసారీ కళని పుట్టిస్తుందన్న నమ్మకం మన రాతల్లో మరీ ఎక్కువైంది.

ఇక నీ ఇంటర్వ్యూలో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన లోటు. ఆ సినిమాలో ఉన్న మనుషులు అది చూశారా? చూసి ఏమన్నారు? మీ ఇద్దరూ గంటసేపు వాళ్ల గురించి మాట్లాడుకున్నారు, ఈ ప్రశ్న మాత్రం రాలేదు. 1961లో ఝాన్ రూష్, ఎడ్గార్ మోరాన్ కలిసి తీసిన ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’ ఈ ప్రశ్నని సినిమాలోనే పెట్టేసింది. పారిస్‌లో మామూలు మనుషుల్ని వాళ్ల బతుకుల గురించి మాట్లాడించి, తీసిన భాగాల్ని వాళ్లనే కూర్చోబెట్టి చూపించారు. లైట్లు వెలిగాక వాళ్లు పోట్లాడుకున్నారు. కొందరికి అది సహజంగా లేదనిపించింది, కొందరికి మరీ సిగ్గు విడిచినట్టు అనిపించింది. ఆ పోట్లాట కూడా సినిమాలో ఉంది. ఆ తర్వాత డైరెక్టర్లిద్దరూ మ్యూజియం వరండాలో అటూ ఇటూ నడుస్తూ, ఏమైంది మనం అనుకున్నది అని మాట్లాడుకుంటారు. సినిమావాళ్లతో సంభాషణ ఎలా ఉండాలో నన్నడిగితే ముందు అది చూపిస్తాను.

ఈ మధ్య కాలంలోనూ ఉంది ఉదాహరణ. రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ దళిత మహిళలు నడిపే ‘ఖబర్ లహరియా’ పత్రిక విలేకరుల మీద వచ్చిన చిత్రం. 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. వేడుకకి కొద్ది రోజుల ముందు ఆ పత్రిక వాళ్లే ఒక ప్రకటన ఇచ్చారు. సినిమా బాగా కదిలించేదే గానీ, తమ పనిని ఒకే పార్టీ మీద దృష్టి పెట్టినట్టు చూపించిందనీ, తమ కథ అంతవరకే కాదనీ దాని సారాంశం. ఎవరిది ఒప్పు అని తేల్చడం ఇంటర్వ్యూ చేసేవాళ్ల పని కాదు. ఆ ప్రకటన చదవకుండా డైరెక్టర్ల ముందు కూర్చుంటే మాత్రం సగం పనే చేసినట్టు.

అడగకూడనివీ ఉంటాయి. ఇండోనేషియాలో సామూహిక హత్యలు చేసినవాళ్ల మీద జాషువా ఓపెన్‌హైమర్ తీసిన ‘ద యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ 2012లో వచ్చింది. దాని చివర్లో పేర్లు చూడు. పనిచేసిన ఇండోనేషియా వాళ్లలో చాలామంది పేరు ఉండాల్సిన చోట ‘అజ్ఞాత వ్యక్తి’ అనే ఉంటుంది. పేరు బయటికొస్తే వాళ్ల ప్రాణానికి భయం. మాటల మధ్యలో డైరెక్టర్ పొరపాటున ఎవరి ఊరో, ఎవరి ఉద్యోగమో చెప్పేస్తే, రికార్డింగ్‌లో ఉంది కదా అని రాసెయ్యకు. ఆయన అడక్కపోయినా తీసెయ్.

రాసేటప్పుడు ఆయన తడబాట్లన్నీ తుడిచేసి, నున్నటి వాక్యాలు చెయ్యొద్దు. నువ్వు చేసింది అదేనని నాకు అనుమానం, ఎందుకంటే మీ ఇద్దరి వాక్యాలూ ఒకే పొడవున్నాయి. ‘అంటే... అదీ... మేం అప్పటికే తీసేశాం’ అన్నాడనుకో, అలాగే ఉండనీ. ప్రచురించే ముందు తేదీలు, పేర్లు, గంటలు సరిచూడమని ఆయనకి పంపు. మాటలు మార్చుకోమని మాత్రం పంపకు. మారుస్తానంటే ఎందుకో అడుగు. ఒక్కోసారి ఆ ‘ఎందుకు’ ఇంటర్వ్యూ మొత్తం కంటే బాగుంటుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రాసింది పారెయ్యకు. మూడో పేజీలో ఆయన ‘ఆ ముసలాయన ఇంట్లో ఒక్కరోజే తీశాం’ అన్నాడు, నువ్వు వెంటనే అవార్డుల గురించి అడిగావు. సినిమాలో ఆ ఇంట్లోనే మూడు వేర్వేరు చొక్కాల్లో కనిపిస్తాడు ఆ ముసలాయన. ఫోన్ చేసి ఆ చొక్కాల సంగతేమిటో అడుగు. ఎడిటర్ నంబరు కూడా అప్పుడే తీసుకో.

ఆశీస్సులతో,
అక్క