టాజాకు వెళ్లబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి స్రవంతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పరిశోధన కోసం మొరాకోలోని టాజా పట్టణానికి ఒంటరిగా వెళుతున్నావనీ, చలికాలమంతా అక్కడే ఉంటావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో సంతోషం ఎంత ఉందో, నిన్ను ఎలాగైనా ఆపమని నన్ను అడగాలన్న తపన కూడా అంతే ఉంది. నేను ఆపను. తరగతి గదిలో గోడ మీద పటం వేలాడదీసి, బెత్తంతో చూపించి నేను పాఠం చెప్పిన కనుమల్లో ఒకదాని మీద నువ్వు స్వయంగా నిలబడి కొలతలు తీస్తావంటే నాకు గర్వంగానే ఉంది. అయితే నువ్వు పంపిన ప్రణాళిక చదివాక మాత్రం నాకు రెండు దిగుళ్లు పట్టుకున్నాయి. ఒకటి నువ్వు ఎంచుకున్న నెలల గురించి, రెండోది ఆ ప్రణాళికలో నువ్వు రాసిన మొదటి వాక్యం గురించి.

వీసా, బీమా, దిర్హమ్‌ల మార్పిడి వంటివి నాకన్నా నీకే బాగా తెలుసు. ఉన్ని బట్టలు మాత్రం హైదరాబాదులో కొనవద్దు. ఇక్కడ దొరికేవి అక్కడి చలికి ఆగవు, మొరాకోలోని ఫెజ్ నగరంలో దిగాక కొనుక్కో. నీకు వచ్చిన ఫ్రెంచి కార్యాలయాల్లో సరిపోతుంది గాని బజారులో పని జరగాలంటే అక్కడి వాడుక భాష దారిజా అరబ్బీ నాలుగు మాటలైనా నేర్చుకుని వెళ్లాలి.

ఇక ఆ మొదటి వాక్యం. "టాజా అనేది ఫెజ్‌కూ ఉజ్దాకూ మధ్య రాకపోకలకు అనువైన మార్గం" అని రాశావు. పటం చూసిన ఎవరైనా ఆ మాటే అంటారు, అందులో అబద్ధమేమీ లేదు. ఉత్తరాన రిఫ్ కొండలు, దక్షిణాన మధ్య అట్లాస్, ఆ రెంటి నడుమ అట్లాంటిక్ వైపు మైదానాలను తూర్పున ములూయా నది లోయతో కలిపే సందు అది. ఫెజ్ నుంచి తూర్పుకు సుమారు 120 కిలోమీటర్లు వెళితే ఊరు వస్తుంది; ఉజ్దా ఇంకా తూర్పున, అల్జీరియా సరిహద్దు దగ్గర ఉంది. కానీ దాని చరిత్రను వరుసగా చదువుకుంటూ వస్తే, ఆ ఊరికి ప్రాముఖ్యం వచ్చింది మనుషులు సాఫీగా నడిచిపోయిన రోజుల్లో కాదు, ఎవరో ఒకరు అక్కడ కూర్చుని దారి మూసేసిన రోజుల్లోనే అని తెలుస్తుంది. నువ్వు తెరిచిన దారిని కాదు, మూసిన దారిని చదవాలి. నీ సిద్ధాంతవ్యాసానికి వెన్నెముక అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

భూగర్భంలోనే ఈ కథ మొదలవుతుంది. కొన్ని లక్షల సంవత్సరాల వెనక్కి కాదు, 70 లక్షల సంవత్సరాల వెనక్కి వెళితే అక్కడ కొండల మధ్య నేల ఉండేది కాదు, సముద్రం ఉండేది. అట్లాంటిక్ నీళ్లు ఆ జలసంధి గుండా మధ్యధరాలోకి పారేవి. ఆఫ్రికా పలక ఉత్తరానికి నెట్టుకొస్తూ ఉండగా రిఫ్ ప్రాంతం పైకి లేచి, ఆ దారి క్రమంగా పూడిపోయింది. అలాంటి జలమార్గాలు మూసుకుపోవడంతోనే సుమారు 59 లక్షల 70 వేల సంవత్సరాల క్రితం మధ్యధరాలో ఉప్పు పేరుకుపోయే సంక్షోభం మొదలైంది. టాజాకూ దాని తూర్పున ఉన్న గెర్సిఫ్ ఊరికీ మధ్య రోడ్డు కోసం తవ్విన గట్ల దగ్గర కాసేపు ఆగి చూడు. బూడిద రంగు సున్నపుమట్టి పొరను గోటితో గీకితే పెళుసుగా రాలుతుంది. మేము మొరాకోలో ఉన్న రోజుల్లో చేసిన ఒక ప్రయాణంలో ఆ పొడిలో చిటికెన వేలి గోరంత గవ్వ ముక్క ఒకటి నా అరచేతిలోకి వచ్చింది. తడి చేత్తో పట్టుకుంటే జిగురుగా అంటుకుంది, ఆరాక తెల్లగా మెరిసింది. సముద్రానికి అంత దూరంలో దాన్ని చూశాక నాకు పాఠ్యపుస్తకంలోని జలసంధి మీద నమ్మకం కుదిరింది. నీళ్ల సంగతి కూడా గమనించు. ఇనావెన్ వాగు పడమరకు పారి సెబూ నదిలో కలిసి అట్లాంటిక్ చేరుతుంది. కొంచెం తూర్పుకు వెళితే మ్సూన్ వాగు ములూయాలో కలిసి మధ్యధరాకు పోతుంది. ఆ జలవిభాజకం కంటికి కొట్టొచ్చినట్టు కనబడదు, నేల దాదాపు చదునుగానే ఉంటుంది. ఎత్తయిన కనుమను ఊహించుకుని వెళితే నిరాశపడతావు.

పాత ఊరు ఆ సందు మధ్యలో లేదని కూడా గుర్తుంచుకో. అది దక్షిణపు అంచున, రాతి దిబ్బ మీద, అటక మీద పెట్టిన ట్రంకుపెట్టెలా కూర్చుని ఉంటుంది. రైలు దిగిన చోట కనబడేది ఫ్రెంచివారు 20వ శతాబ్దంలో కట్టిన కొత్త ఊరు. అది చూసి ఇక్కడేమీ లేదనుకుని మరుసటి రైలెక్కి పోయినవారు చాలామంది ఉన్నారు. నువ్వు ముందు పైకి ఎక్కి బాబ్ అర్-రీహ్ అనే గాలి ద్వారం దగ్గర నిలబడు. ఉత్తరాన రిఫ్ కొండలూ, కింద రోడ్డూ, రైలు పట్టాలూ అన్నీ ఒక్క చూపులో కనబడతాయి. 12వ శతాబ్దం మొదటి సగంలో అల్మొహద్ నాయకుడు అబ్ద్ అల్-ముమిన్ అక్కడే కోటగోడలూ పెద్ద మసీదూ ఎందుకు కట్టించాడో వేరే చెప్పనక్కర లేదు. ఆ మసీదును తరువాత మరినిద్ రాజులు విస్తరించి, 1294లో 514 నూనె దీపాల కంచు దీపవృక్షాన్ని వేలాడదీశారు. దాని బరువు మూడు టన్నులు ఉంటుందంటారు. నువ్వు దాన్ని చూడలేవు. మొరాకోలో చాలా మసీదుల్లోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు, కాబట్టి గుమ్మం దగ్గర నిలబడి బతిమాలి మన పరువు తీయకు. ఆగ్నేయ మూలన సాదీ రాజులు 16వ శతాబ్దంలో కట్టిన ఇటుక బురుజు ఉంది, అది బయట నుంచే చూడదగ్గది. తూర్పున అల్జీర్స్‌లో ఉన్న ఒట్టోమన్ తుర్కుల భయంతో కట్టినది అది.

మూసివేత గురించి అన్నాను కదా. 1660లలో అలవీ వంశపు మూలై రషీద్ ముందుగా టాజాలో పాదం మోపి, 1666లో ఫెజ్‌ను పట్టుకున్నాడు. 1902లో బూ హ్మారా అనే మాయలమారి తానే సుల్తాను అన్ననని చెప్పుకుని టాజాలో రాజ్యం ప్రకటించుకున్నాడు, సుల్తాను పంపిన సైన్యాన్ని ఓడించాడు, చివరకు 1909లో పట్టుబడి పంజరంలో ఫెజ్ వీధుల్లో ఊరేగాడు. అన్నిటికన్నా నాకు నచ్చే ఉదాహరణ ఫ్రెంచివారిది. వారు 1907లో ఉజ్దాను, 1911లో ఫెజ్‌ను ఆక్రమించారు, 1912లో మొరాకోను తమ రక్షణలోకి తీసుకున్నట్టు సంతకాలు పెట్టించారు. అయినా మధ్యలో టాజా చేతికి రాకపోవడంతో తూర్పు సైన్యానికీ పడమటి సైన్యానికీ నేరుగా దారి లేదు. 1914 మే నెలలో పడమర నుంచి ఫ్రెంచి సేనాని గూరో, తూర్పు నుంచి మరో సేనాని బామ్‌గార్టెన్ కదిలి వచ్చి కలుసుకున్నాకే ఆ రెండు ముక్కలూ ఒక దేశంగా అతుక్కున్నాయి. 1925లో రిఫ్ వీరుడు అబ్ద్ అల్-క్రీమ్ సేనలు టాజా వైపు దూసుకొచ్చినప్పుడు ఫ్రెంచివారు అంతగా బెంబేలెత్తింది అందుకే. 1955 అక్టోబరులో ఫ్రెంచి పాలన మీద మొరాకో విమోచన సైన్యం పోరు మొదలుపెట్టిన అక్నూల్, బూరెద్, తిజీ ఉస్లీ గ్రామాలు కూడా టాజాకు ఉత్తరపు కొండల్లోనివే. ఇప్పుడు ఫెజ్ నుంచి ఉజ్దా దాకా 2011లో తెరిచిన వేగరహదారి ఉంది, కానీ అల్జీరియాతో భూసరిహద్దు 1994 నుంచి మూతపడే ఉంది. ఇంత గొప్ప తూర్పు పడమటి దారి నేడు ఒక మూసిన గేటు దగ్గర ఆగిపోతున్నది. నీ ప్రణాళికలో ఈ సంగతికి ఒక్క పంక్తి కూడా లేకపోవడం చూసి నాకు కోపం వచ్చింది. ఇంత చదివించింది ఇందుకా అనిపించింది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను. టాజా పక్క కొండల్లోని తాజెక్కా జాతీయవనం చుట్టూ తిరిగే కొండరోడ్డును జనవరిలో "ఒక పూటలో" చూసివస్తానని రాశావు. ఆ మాటలు అచ్చంగా మీ పెదనాన్నగారివి. ఆయన అప్పట్లో అట్లాంటిక్ తీరాన భాస్వరపు పరిశ్రమలో పనిచేసేవారు, మేము ఎల్ జదీదాలో ఉండేవాళ్లం. ఉజ్దాలో స్నేహితుల ఇంటికి వెళ్లి డిసెంబరులో కారులో తిరిగివస్తున్నాం. గెర్సిఫ్ దగ్గర ఎండ చురుక్కుమంటున్నది, నేలంతా దుమ్ము, ఆయన స్వెట్టరు విప్పి వెనక సీటులో పడేశారు. అక్కడి నుంచి టాజా సుమారు 65 కిలోమీటర్లే కనుక అక్కడి ఆకాశమే కొండ మీదా ఉంటుందని ఆయన లెక్క. మడతపటాన్ని మోకాలి మీద పరచి బొటనవేలితో దూరాలు కొలిచే అలవాటు ఆయనది. ఆ వేలితోనే తాజెక్కా చుట్టూ కొలిచి, రెండు గంటల్లో దిగిపోతాం అన్నారు. అప్పటికి మధ్యాహ్నం భోజనాలు కూడా దాటిపోయాయి.

ఆయన చూడనిది ఏమిటంటే, ఆ సందు గాలికి కూడా దారి. అట్లాంటిక్ నుంచి వచ్చే తడిగాలి సెబూ, ఇనావెన్ లోయల వెంబడి తూర్పుకు దూరి, 1,980 మీటర్ల తాజెక్కా శిఖరానికి తగిలి పైకి లేచి, ఉన్న నీరంతా అక్కడే కుమ్మరిస్తుంది. అందుకే కింది వాలుల్లో బెండు ఓక్ చెట్లు, పైన దేవదారు అడవి. ఆ నీరు వదిలేసిన గాలి గెర్సిఫ్‌కు చేరేసరికి ఎండిపోయి ఉంటుంది. గెర్సిఫ్ ఎండను చూసి తాజెక్కా వాతావరణాన్ని అంచనా కట్టడం అంటే కొండకు వెనక నిలబడి ముందు ఏముందో చెప్పడమే. దాయత్ షీకర్ అనే పల్లపు నేల దగ్గరకు వచ్చేసరికి ఎండాకాలంలో దున్నుకునే పొలాల మీద నీరు నిలిచి ఉంది. బాబ్ బూ ఇదీర్ దాటేసరికి పొగమంచు, ఆ తరువాత హిమం. మలుపులో చక్రం గట్టు దిగింది. చీకటి పడింది. దారిన పోయే ఒక గొర్రెల కాపరి కుటుంబం మమ్మల్ని తమ ఇంట్లోకి తీసుకుపోయింది; ఆ ఇల్లాలు నా తడి మేజోళ్లు విప్పించి పొయ్యి పక్కన ఆరవేసి, బార్లీ రొట్టె, ఆలివ్ నూనె, చక్కెర దండిగా వేసిన పుదీనా టీ పెట్టింది. మాకు ప్రాణాపాయం ఏమీ కాలేదు. అయితే ఫెజ్‌లో మా కోసం ఎదురుచూసిన మిత్రులు ఆ రాత్రంతా ఆసుపత్రులన్నీ తిరిగారు, మేము ఏ దారిన వెళ్లామో వాళ్లకు తెలియదు కనుక. తెల్లవారి ఆయన మళ్లీ పటం తెరిచి బొటనవేలు పెట్టి చూసుకుంటూ, "దూరం నేను చెప్పినంతే ఉంది" అన్నారు. అంత మొండి మనిషి. ఆయన ఉంటే నీ ప్రణాళికను చూసి తెగ మెచ్చుకునేవారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి తాజెక్కా పనిని ఏప్రిల్‌కు జరుపు. జనవరిలో పాత ఊరు, కోటగోడలు, గ్రంథాలయాలు చూసుకో. ఆ కొండల్లోని ఫ్రివాటో గుహ జోలికి మాత్రం వనాధికారుల అనుమతి, స్థానిక మార్గదర్శి, ఈ రెండూ లేకుండా పోకు. అది లోతైన బిలం, మెట్లు తడిగా ఉంటాయి, సున్నపురాయి కొండల్లో పైన వాన పడితే కింద నీరు ఎప్పుడు పెరుగుతుందో తెలియదు. ఊళ్ల మధ్య తిరిగే ఉమ్మడి కారు, అదే గ్రాండ్ టాక్సీలో పోయేటప్పుడు ఎక్కేముందే ఎక్కడికి వెళుతున్నావో ఇంట్లో ఒకరికి సందేశం పెట్టు.

ఇది ముసలిదాని చాదస్తం అనుకోకు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1325లో తన ఊరు టాంజియర్ వదిలి, మన ఢిల్లీలో తుగ్లక్ దగ్గర ఖాజీగా కొలువు చేసి, ఇంకా ఎన్నో దేశాలు తిరిగి, 1349లో స్వదేశానికి వస్తూ టాజా చేరాడు. తండ్రి పోయి పదిహేనేళ్లయిందని అంతకుముందే డమాస్కస్‌లో విన్నాడు. తల్లి ప్లేగుతో పోయిందని టాజాలో విన్నాడు. ఇంటికి ఇంకా కొద్ది రోజుల ప్రయాణం ఉండగా. ఆ ఊరి గురించి ఆయన రాసినవాటిలో నాకు గుర్తున్నది అదొక్కటే. చేతిలో ఫోను ఉండి కూడా వారం రోజులు పలకకపోతే నేను ఊరుకోనని దీని తాత్పర్యం.

మీ పెదనాన్నగారి పెన్సిలు గుర్తులున్న ఆ పటాన్ని నీ హాస్టలుకు కొరియరులో పంపుతున్నాను. రోడ్లు మారి ఉంటాయి, కొండలు మారవు. ప్రణాళికలో మొదటి వాక్యం తిరగరాసి, నెలలు మార్చి, సరిహద్దు మూసివేత మీద ఒక విభాగం చేర్చి ఈ నెలాఖరులోగా నాకు పంపు. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతాను, ఆ తరువాతే టిక్కెట్టు కొను.

ఇట్లు
మీ పెద్దమ్మ