సేవా సంస్థలో సార్‌ని అడిగేవాళ్లు ఎవరు?

'ఐటీ ఉద్యోగం మానేసి ఎన్జీవోలో చేరదామనుకుంటున్నా, లోపల వాతావరణం ఎలా ఉంటుంది?' అని అడిగారు. గద్వాల వైపు పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి వెళ్లే ఆడపిల్లల్ని బడికి పంపే సంస్థలో నాలుగేళ్లు చేశాను. పేరు వద్దులెండి.

పనికి వంక పెట్టలేను. క్రాసింగ్ పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి ఆటోలు పిల్లల్ని ఎక్కించుకునేలోపే మేం ఊళ్లో ఉండాలి. సీజన్‌లో ఆదివారం ఉండదు. దానికి ఎవరూ ఏడవలేదు.

ఏడిపించింది జీతాల రిజిస్టర్. 16,000కి సంతకం, చేతికి 13,000. మిగతాది సంస్థకు మా 'విరాళం'. రసీదు కూడా ఇచ్చేవారు, పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జీ నంబరుతో సహా. పన్ను పడేంత జీతం ఉంటే కదా!

ఓ మీటింగ్‌లో మా తోటి ఫీల్డ్ వర్కర్ ఇదేంటని అడిగేసింది. సంస్థను నడిపే సార్ గొంతు పెంచలేదు. 'ఇది ఉద్యోగం కాదమ్మా, ఉద్యమం' అన్నారు. పద్నాలుగు మందిమి టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నాం, నాతో సహా. మరుసటి నెల ఆమెను ఇంటికి అరవై కిలోమీటర్ల దూరంలోని మండలానికి మార్చారు. అప్పుడు సిగ్గేసి కొందరం బోర్డుకు ఉత్తరం రాశాం. బోర్డంటే సార్, వాళ్లావిడ, బావమరిది, ఓ పాత స్నేహితుడు. ఉత్తరం తిరిగి సార్ టేబుల్ మీదికే వచ్చింది.

నిధుల ఇబ్బంది అబద్ధం కాదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి పడిపోయింది. కానీ మా కోత అంతకు ముందు నుంచే ఉంది, సార్ కారుకి మాత్రం ఏనాడూ పడలేదు.

మీరు చేరేముందు బోర్డులో ఎవరున్నారో, వాళ్లు సార్‌కి ఏమవుతారో కనుక్కోండి. పీఎఫ్ కడుతున్నారా అడగండి. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ, అందులో బయటి సభ్యులు ఒకరు ఉండాలని 2013 చట్టం. మా కమిటీలో ఆ బయటి సభ్యురాలు సార్ వదిన! అన్నిటికంటే ముందు, మానేసిన ఫీల్డ్ స్టాఫ్‌లో ఒకరితో మాట్లాడండి. ఆఫీసువాళ్లతో కాదు.

ఇప్పుడున్న చోట ఇంటర్వ్యూలో 'మీ మీద ఫిర్యాదుంటే ఎవరికి చెప్పాలి మేడమ్?' అని డైరెక్టర్‌నే అడిగాను. ఆవిడ బోర్డు అధ్యక్షుడి నంబరు రాసిచ్చారు. బయటికొచ్చి ఆ నంబరు పనిచేస్తుందో లేదో చేసి చూశాను కూడా.