మూల మీది కుప్ప గురించి సుజాతకు

సుజాతా,

నీ ఉత్తరం అందింది. మీ వీధివాళ్ళు నిన్ను సంఘం కార్యదర్శిని చేశారనీ, వచ్చే ఆదివారం అందరూ చీపుర్లు పట్టుకుని వీధీ పార్కూ ఊడవబోతున్నారనీ రాశావు. సంతోషం తల్లీ, చెయ్యండి. ఒకరి ముఖం ఒకరికి తెలుస్తుంది, పిల్లలకు సరదాగా ఉంటుంది. కానీ ఆ ఫోటోలు చూసుకుని పని అయిపోయిందని మాత్రం అనుకోకు. సోమవారం పొద్దున్నే మీ వీధి మూల మీద మళ్ళీ చెత్త సంచి పడుతుంది. ఆ సంచి వేసేవాడికి ఏదో ఇబ్బంది ఉంది. దాన్ని ఆదివారం నాడు ఎవరూ తీర్చలేదు కదా.

నేను పదకొండేళ్ళు వీధి సంఘంలో ఉన్నాను, ఒక విడత కౌన్సిల్‌లో కూడా ఉన్నాను. అర్జీ పట్టుకుని బల్లకు ఇవతల నిలబడ్డాను, అవతల కూర్చుని అర్జీలు తీసుకున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను. మీ పెద్దమ్మ ఎక్కువ మాట్లాడుతుందని మీ అమ్మ చెప్పే ఉంటుందిలే.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మా వీధి మొదట్లో ఒక పెద్ద ఇనుప చెత్తకుండీ ఉండేది. ఎప్పుడూ నిండి పొర్లుతుండేది. దాన్ని తీసేయమని మూడు నెలలు అర్జీలు రాసి, తిరిగి తిరిగి సాధించాం. కుండీ పోయింది. రెండో వారానికి అదే చోట నేల మీదే కుప్ప తయారైంది. అప్పుడు నేనే పూనుకుని "ఇక్కడ చెత్త వేయరాదు" అని బోర్డు పెట్టించాను. జనం గురి తప్పకుండా ఆ బోర్డు కిందే వేశారు.

చాలా ఏళ్ళ తర్వాత నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఒక పరీక్ష గురించి చదివి నవ్వుకున్నాను. 2008లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. సైకిళ్ళు నిలిపే ఒక సందులో గోడ మీద రాతలు రాయకూడదని బోర్డు ఉంది. అక్కడున్న సైకిళ్ళ హ్యాండిళ్ళకు తలా ఒక కరపత్రం తగిలించారు. చుట్టుపక్కల చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 33 మంది ఆ కాగితాన్ని కింద పడేశారు. అదే గోడ నిండా రాతలు రాసి ఉంచితే 69 మంది పడేశారు. బోర్డు రెండుసార్లూ ఉంది. తన మాటే చెల్లని బోర్డు చూస్తే మనిషికి ఇంకాస్త ధైర్యం వస్తుందని అప్పుడు అర్థమైంది. కుప్ప ఉన్నచోట బోర్డు పెట్టొద్దు. కుప్ప పోయి నెల దాటాక కావాలంటే పెట్టుకో. అప్పటికి దాని అవసరం కూడా ఉండకపోవచ్చు.

మళ్ళీ ఆ రోజులకే వస్తాను. బోర్డూ పనిచేయక, చివరికి నేనూ ఎదురింటి టీచరుగారూ కలిసి వారం రోజులు పొద్దున అయిదింటి నుంచి కిటికీ దగ్గర కూర్చున్నాం. ఎవరినీ పట్టుకోలేదు, ఫోటోలు తీయలేదు. ఎన్ని గంటలకు, ఎటువైపు నుంచి, ఏం తెచ్చి వేస్తున్నారో నోట్‌బుక్‌లో రాసుకున్నామంతే. వారం తిరిగేసరికి సంగతి తేలిపోయింది. చెత్తబండి మా వీధికి తొమ్మిదిన్నరకు వస్తోంది. సంచులు వేసేవాళ్ళలో ఎక్కువమంది ఏడింటికల్లా ఇంటికి తాళం వేసి పనికి పోయేవాళ్ళు. తడి చెత్తను సాయంత్రం దాకా ఇంట్లో పెట్టుకుంటే వాసన. పోయే దారిలో మూల మీద పడేస్తున్నారు. మేమేమో వాళ్ళకు బుద్ధిలేదని ఏడాదిగా తిట్టుకుంటున్నాం.

ఆ నోట్‌బుక్ పట్టుకుని శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళాం. మనుషులు చాలరు, ఇంకో బండి ఇవ్వలేం అన్నాడాయన. నిజమే, ఇవ్వలేడు. బండి వద్దు, దారి తిరగేయండి చాలు అన్నాం. ఇప్పుడు చివర్లో వచ్చే మా వీధికి మొదట రండి, మధ్యాహ్నం దాకా ఇళ్ళలో మనుషులుండే వీధులకు తర్వాత వెళ్ళండి అన్నాం. పైసా ఖర్చు లేదు. ఆరున్నరకు బండి రావడం మొదలైంది. మూడు వారాల్లో కుప్ప ముప్పాతిక తగ్గింది. మిగిలిన నాలుగైదు ఇళ్ళకు నేనే వెళ్ళి తలుపు తట్టాను. ఒక ఇంట్లో పై అంతస్తులో మోకాళ్ళు పట్టేసిన ముసలాయన ఒక్కడే ఉంటున్నాడు. బండి గంట విని దిగేలోపు అది వెళ్ళిపోతుంది. పక్కింటి కుర్రాడికి అప్పజెప్పాం.

వేళకు ఉన్న బలం అది. తైవాన్‌లో చెత్త నేలను తాకకూడదన్నది పద్ధతి. బండి పాట మోగిస్తూ వేళకు వస్తుంది, జనం సంచులతో ఎదురొచ్చి స్వయంగా అందిస్తారు. పాట సంగతి ఎలా ఉన్నా, ఎన్నింటికి వస్తుందో జనానికి తెలిసిన బండి నీకు సగం పని చేసిపెడుతుంది.

ఇక ఆఫీసు సంగతి. వీధి ఊడ్చేది ఒక విభాగం, మురుగు కాలువ చూసేది ఇంజనీర్లు, పార్కు ఇంకొకరిది, దీపాలు వేరొకరివి. ఈ పంపకం తెలుసుకోకపోతే నీ అర్జీ బల్లలు మారుతూ ఉంటుంది. కాలువలో పూడిక తీస్తారు చూడు, తీసి గట్టున పోస్తారు. ఎండాక ఎత్తుతామంటారు. ఎత్తాల్సింది వేరే విభాగం. ఈలోపు వాన పడితే ఆ పూడికంతా మళ్ళీ కాలువలోకే. తీసేవాళ్ళకు తీసినట్టు లెక్క, ఎత్తేవాళ్ళకు ఎత్తడానికేమీ మిగల్లేదు. మా వార్డులో ఇది రెండేళ్ళు జరిగింది. పూడిక తీసిన రెండు రోజుల్లో ఎత్తాలనీ, అప్పటిదాకా తీసినవాళ్ళకు బిల్లు పాస్ చేయకూడదనీ కౌన్సిల్‌లో తీర్మానం పెట్టాకగానీ ఆగలేదు.

అర్జీ రాసేటప్పుడు ఒక కాగితానికి ఒకటే విషయం. చోటు, తేదీ, వేళ, ఏం చేయమంటున్నావో రాయి. "మా వీధి నరకంగా ఉంది" అంటే ఎవరేం చేయగలరు? "మూడో స్తంభం పక్క కాలువ మీద పలక విరిగి పన్నెండు రోజులైంది" అంటే మనిషిని పంపక తప్పదు. రసీదు నంబరు తీసుకో. ఫోన్‌లో చెప్పిన మాటకు ఆధారం ఉండదు. మొదటిరోజే కమిషనర్ దగ్గరికో పేపరువాళ్ళ దగ్గరికో పరుగెత్తకు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? కింది ఉద్యోగికి ఒక అవకాశం ఇస్తే రేపు నీ మాట వింటాడు. ఇచ్చిన గడువు రెండుసార్లు దాటితే మాత్రం మొహమాటపడకుండా పైకి వెళ్ళు.

బడ్జెట్ తయారయ్యే నెలల్లో మీ కౌన్సిలర్‌ని వదలకు. రిబ్బన్ కట్ చేసే పనికి డబ్బు తేలిగ్గా వస్తుంది. కొత్త కుండీలు కొంటారు, కొత్త ఉయ్యాలలు వేస్తారు. కుండీని రోజూ ఖాళీ చేసే మనిషికీ, ఉయ్యాల గొలుసు తెగితే మార్చడానికీ డబ్బు అడిగేవాళ్ళు ఉండరు. నువ్వు అదే అడుగు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో 1989 నుంచి పేటలవాళ్ళే కూర్చుని నగర బడ్జెట్‌లో కొంత భాగం దేనికి పోవాలో తేల్చారు. మీరు అంత దూరం పోనక్కర్లేదు. కాంట్రాక్టు కాగితంలో మీ వీధికి ఎంతమంది, వారానికి ఎన్ని రోజులు అని రాశారో నకలు తీసుకో. దానికీ కళ్ళకు కనబడుతున్నదానికీ తేడా ఉంటే ఇంక నువ్వు గొంతు పెంచాల్సిన పని లేదు.

ఊడ్చేవాళ్ళతో ఎప్పుడూ గొడవ పడొద్దు. ఏ ఇంటి సంచిలో పగిలిన గాజు ఉంటుందో వాళ్ళ వేళ్ళకు తెలుసు. గాజుముక్కలు, బ్లేళ్ళు దళసరి కాగితంలో చుట్టి విడిగా ఇమ్మని ఇంటింటికీ చెప్పు. వాళ్ళ చేతులకు గ్లౌజులు లేకపోతే మీ మొదటి అర్జీ దాని మీదే రాయి. పేర్లు అడిగి తెలుసుకో. నేను ఏ కాలువ ఎక్కడ పూడుకుపోతుందో ఇంజనీరు దగ్గర కన్నా మా వీధి ఊడ్చే ఆవిడ దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను.

పార్కులో బుట్టలు దారి పొడవునా వద్దు. గేటు దగ్గరా, బెంచీల దగ్గరా మూతలున్నవి పెట్టించు. రోజూ ఖాళీ చేయలేని బుట్ట అసలు లేకపోవడమే నయం. రాలిన ఆకులు తగలబెట్టనివ్వకు. ఆ పొగ మంచిది కాదు, ఆకుల మధ్య ప్లాస్టిక్ కాలితే మరీ విషం. ఒక మూల గొయ్యి తీయించి, ఎండుటాకుల్లో కోసిన పచ్చిగడ్డి కలిపి, పిండిన గుడ్డంత తడి ఉండేట్టు చూసి, అప్పుడప్పుడూ తిరగేయిస్తే కొన్ని నెలలకు మొక్కలకు ఎరువు అవుతుంది. నీళ్ళు నిలిచేవన్నీ వారానికోసారి ఒంపించు. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారం లెక్క.

జరిమానాల గురించి అడిగావు. బండి వేళకు వస్తూ, బుట్టలు ఖాళీ అవుతూ, చెప్పాల్సినవాళ్ళకు చెప్పాక కూడా కావాలని పడేసేవాళ్ళు ఒకరిద్దరు మిగులుతారు. జరిమానా వాళ్ళ కోసం. అంతకుముందే మొదలుపెడితే వీధి రెండు ముఠాలవుతుంది, నీకు టెన్షన్ మిగులుతుంది.

ఆదివారం చీపుర్ల పని అయ్యాక, ఆ మూలకు ఎదురుగా ఎవరి కిటికీ ఉందో చూడు. వారం రోజులు తెల్లవారుజామున అక్కడ కూర్చోనిస్తారేమో అడుగు. ఒక్కదానివే కూర్చోకు, నిద్ర వస్తుంది. వారం లెక్క నాకు పంపితే, బండి దారి ఎటు తిప్పమని అడగాలో ఇద్దరం చూద్దాం.

మీ పెద్దమ్మ